జింకు వేళ్లు, చౌడు నేలలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జన్యు సవరణ చేసిన వరి వంగడాల కబురు 2025 మే 4న వచ్చింది. వాటిలో ఒకటైన పూసా డీఎస్‌టీ రైస్ 1లో మార్చినది ‘జింక్ ఫింగర్’ అనే కోవ ప్రొటీన్ జన్యువు. అప్పటి నుంచి ‘జింక్ ఫింగర్’ అనే మాట ప్రయోగశాల దాటి ఎరువుల దుకాణం దాకా వెళ్లింది. ఆ మాట మీద వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ప్రొటీన్‌కు వేలేమిటి? ఆ వేలికి జింకు ఎందుకు? పదో తరగతి పిల్లలకు చెప్పేలా వివరించండి.
(ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, ఖమ్మం)

జవాబు: 30 పూసల దండ ఒకటి తీసుకోండి. ఐదో పూస, ఎనిమిదో పూస ఎర్రవి, ఇరవై ఒకటోది, ఇరవై ఐదోది పచ్చవి పెట్టండి. ఎర్ర పూసలు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, పచ్చవి హిస్టిడిన్. ఈ నాలుగింటినీ దగ్గరికి లాగి రబ్బరు బ్యాండు వేయండి. మధ్యలో మిగిలిన దండ ఉచ్చులా బయటికి పొడుచుకొస్తుంది. అదే వేలు. రబ్బరు బ్యాండు చేసిన పనే మొక్క కణంలో ఒక్క జింకు అయాను చేస్తుంది. బ్యాండు తీసేస్తే వేలు పోయి మళ్లీ దండ మిగులుతుంది. జింకు లేని ప్రొటీన్ గతి కూడా అంతే.

అసలు వేలిలో ఒక పక్క రెండు చిన్న బీటా పోగులు, ఇంకో పక్క ఒక ఆల్ఫా మెలి ఉంటాయి. ఆ మెలి డీఎన్‌ఏ గాడిలోకి దిగి అక్షరాలను తడిమి, తనకు కావలసిన చోటు దొరికితే అక్కడ కూర్చుంటుంది. జింకు డీఎన్‌ఏను ముట్టుకోదు. వేలి ఆకారం నిలబెట్టడం వరకే దాని పని. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి ఈ మాట రెండుసార్లు చెప్పండి.

ఈ నిర్మాణాన్ని 1985లో కేంబ్రిడ్జిలో ఆరన్ క్లూగ్ బృందం గుర్తించింది. వాళ్లు చూసినది కప్ప అండకణాల్లోని ఒక ప్రొటీన్. దానికి వరసగా తొమ్మిది వేళ్లున్నాయి. మొక్కల్లో మొదటిది 1992లో పెటూనియాలో దొరికింది. మొక్కల వేలికి ఒక గుర్తు ఉంది. మీ దండలో 16 నుంచి 21 దాకా ఉన్న ఆరు పూసలు చాలా మొక్కల ప్రొటీన్లలో ఒకే వరసలో వస్తాయి: గ్లుటమిన్, అలనిన్, ల్యూసిన్, గ్లైసిన్, గ్లైసిన్, హిస్టిడిన్. పరిశోధకులు దీన్ని ‘క్యూఏఎల్‌జీజీహెచ్’ అంటారు. జంతువుల్లో వేళ్లు పక్కపక్కనే ఉంటే, మొక్కల్లో వేలికీ వేలికీ మధ్య చాలాసార్లు పొడవాటి ఎడం ఉంటుంది. ఏ జన్యువు దగ్గర కూర్చోవాలన్నది ఆ ఎడం మీద కూడా ఆధారపడుతుంది.

రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్ల రకం ప్రొటీన్లు ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 176, వరిలో 189 ఉన్నట్టు లెక్కకట్టారు. జింకు వేళ్లన్నీ డీఎన్‌ఏనే పట్టవు. మూడు సిస్టీన్లు, ఒక హిస్టిడిన్ ఉన్నవి ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటాయి. రింగ్ ఫింగర్ అనేవి పనికిరాని ప్రొటీన్లకు ‘పారేయవచ్చు’ అనే చీటీ అంటిస్తాయి. వరి గింజ వెడల్పును అదుపు చేసే జీడబ్ల్యూ2 ఆ కోవదే.

క్లాసులో చూపించడానికి పూవు ఉదాహరణ బాగుంటుంది. అరబిడాప్సిస్‌లో సూపర్‌మ్యాన్ అనే ప్రొటీన్‌కు ఉన్నది ఒకే ఒక్క వేలు. కేసరాలు పుట్టే వలయం ఎక్కడ ఆగాలో అది గీత గీస్తుంది. ఆ జన్యువు పాడైతే కేసరాలు అండకోశం చోటులోకి కూడా చొరబడి లెక్కకు మించి పుడతాయి.

ప్రశ్న: జింక్ సల్ఫేట్ రెట్టింపు వేస్తే మొక్కలో జింక్ ఫింగర్లు పెరిగి, పైరు ఎండనూ ఉప్పునూ తట్టుకుంటుందని మా దగ్గర ఒక డీలరు చెప్పాడు. నిజమేనా?
(ఒక వరి రైతు, పాలకొల్లు)

జవాబు: నిజం కాదు. ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో జన్యువు చెబుతుంది, ఎరువు బస్తా చెప్పదు. వేలికి కావలసినది ప్రొటీన్ అణువుకు ఒకటో రెండో అయాన్లు. లోపం లేని చేలో రెండో బస్తా వేస్తే డబ్బు దండగ.

అయితే లోపం ఉన్న చేలో జింకు వేయకపోతే మాత్రం నష్టం పెద్దది. జింకు వేళ్లకే కాదు, ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే యంత్రానికి, ఒత్తిడిలో పుట్టే విషపు ఆక్సిజన్‌ను విరిచే ఎంజైముకు కూడా కావాలి. అందుకే జింకు తక్కువైన పైరు ఎండకు ముందుగా వాడుతుంది. డీలరు మాటలో ఉన్న నిజం అంతవరకే.

లోపాన్ని ఇలా గుర్తుపట్టండి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పై నుంచి మూడు, నాలుగు ఆకుల మీద మధ్య ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసుబారి, వంచితే చిటుక్కున విరుగుతుంది. మొక్క గిడసబారి దుబ్బు కట్టదు. నత్రజని లోపంలో ఆకు మొత్తం ఒకే తీరుగా పసుపెక్కుతుంది, మచ్చలుండవు, విరగదు. ఈ తేడా చూడకుండా యూరియా చల్లితే పచ్చదనం రాదు, పురుగు వస్తుంది.

మట్టి పరీక్షలో డీటీపీఏ పద్ధతిలో జింకు 0.6 పీపీఎం కన్నా తక్కువ వస్తే లోపం ఉన్నట్టే. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. ఇది 21 శాతం జింకు ఉన్న హెప్టాహైడ్రేట్ లెక్క. 33 శాతం ఉన్న మోనోహైడ్రేట్ కొంటే 13 కిలోలు చాలు. బస్తా మీద ఏది రాసి ఉందో చదివి కొనండి. ఒక్కసారి వేస్తే రెండు మూడు పంటల దాకా పనిచేస్తుంది.

డీఏపీ, సూపర్‌తో కలిపి మాత్రం వేయకండి. జింకు భాస్వరంతో కలిసి కరగని జింక్ ఫాస్ఫేట్ అయిపోతుంది, రెండూ మొక్కకు అందవు. కనీసం మూడు రోజుల ఎడం ఇవ్వండి. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, అంటే 200 లీటర్ల నీటికి 400 గ్రాములు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. ఒక్క పిచికారీతో ఎందుకు సరిపోదంటే, పాత ఆకుకు తాగించిన జింకు కొత్త ఆకుకు సరిగా చేరదు. పురుగుమందులతో కలపకండి. నీరు ఎప్పుడూ నిలిచి ఉండే పల్లపు చేలో ఒకసారి నీరు తీసేసి నేలకు గాలి తగలనివ్వండి. చాలా చోట్ల అదే సగం మందు.

ప్రశ్న: పూసా డీఎస్‌టీ రైస్ 1లో ఒక జింక్ ఫింగర్ జన్యువును చెడగొట్టారట. చెడగొడితే మంచి జరగడం ఎలా? అంత మంచిదైతే ప్రకృతి ఆ జన్యువును ఎందుకు ఉంచుకుంది?
(వ్యవసాయ కళాశాల విద్యార్థిని, బాపట్ల)

జవాబు: ముందు పేరు గొడవ తీరుద్దాం. డీఎస్‌టీ అంటే కరువును, ఉప్పును తట్టుకోవడం. కానీ ఆ ప్రొటీన్ చేసేది అందుకు ఎదురు పని. ఒక జన్యువు పోయినప్పుడు మొక్కలో ఏం కనిపించిందో ఆ పేరే జన్యువుకు పెట్టే అలవాటు వల్ల ఈ తిరకాసు వచ్చింది.

2009లో చైనా శాస్త్రవేత్తలు దీని పని విప్పి చెప్పారు. ఆకు పత్రరంధ్రానికి రెండు పక్కలా రక్షక కణాలుంటాయి. వాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ చేరితే రంధ్రం మూసుకుంటుంది. డీఎస్‌టీ ప్రొటీన్ పెరాక్సిడేజ్ జన్యువులను నడిపించి ఆ పెరాక్సైడ్‌ను ఊడ్పిస్తుంది. ఊడ్చినంత కాలం తలుపు తెరిచే ఉంటుంది. డీఎస్‌టీ పోతే పెరాక్సైడ్ పేరుకుని తలుపు ఓరగా మూసుకుంటుంది, రంధ్రాల సంఖ్య కూడా తగ్గుతుంది, ఆకు వెడల్పవుతుంది. నీరు తక్కువ ఆవిరైతే వేరు నుంచి పైకి లాగే నీరూ తక్కువే, దాని వెంట ఆకులోకి వచ్చే సోడియమూ తక్కువే. కరువుకూ ఉప్పుకూ ఒకే తాళంచెవి పనిచేయడం వెనుక ఉన్నది ఇది.

ఇక ప్రకృతి సంగతి. తెరిచిన తలుపులోంచే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది, నీరు ఆవిరయ్యే కొద్దీ ఆకు చల్లబడుతుంది. నీళ్లు సమృద్ధిగా ఉన్న చోట తలుపు మూసుకున్న మొక్క పక్క మొక్కతో పోటీలో వెనకబడుతుంది. వరి పుట్టింది నీటిపట్టున. అక్కడ డీఎస్‌టీ ఉన్న మొక్కదే పైచేయి. చౌడు మడిలో లెక్క తిరగబడుతుంది.

కథలో రెండో సగం నాకు ఇంకా ఆసక్తికరం. 2013లో తేలిందేమిటంటే, వెన్ను ఏర్పడే మొగ్గలో ఇదే డీఎస్‌టీ ఇంకో జన్యువును నడుపుతుంది. దాని పేరు సీకేఎక్స్2. అది సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొడుతుంది. సైటోకైనిన్ తగ్గితే వెన్నులో కొమ్మలు, గింజలు తగ్గుతాయి. నింపగలిగినన్ని గింజలే పెట్టుకోవడం అడవి మొక్క జాగ్రత్త. ఎరువేసి నీరు కట్టే రైతుకు ఆ జాగ్రత్త అక్కర్లేదు. 2025లో ప్రకటించిన రెండో వంగడం డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో సాంబ మసూరి, మన బీపీటీ 5204, నుంచి తయారైంది. అందులో మార్చినది ఆ సీకేఎక్స్2నే. పూసా డీఎస్‌టీ చేసిన ఢిల్లీ వాళ్లు, కమల చేసిన హైదరాబాద్ వాళ్లు ఒకే గొలుసులో రెండు లంకెలు పట్టుకున్నారు. వాళ్లు చేతిలోకి తీసుకున్న వంగడాలు రెండూ మన నేలవే కావడం సంతోషం. పూసా డీఎస్‌టీకి తల్లి మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010, మనం కాటన్‌దొర సన్నాలు అనేది.

ఎంటీయూ 1010లో చేసినది ఏమిటంటే, కోయాల్సిన చోటు చూపే రెండు గైడ్ ఆర్‌ఎన్‌ఏలతో జన్యువును రెండు చోట్ల కోసి, నడుమ 366 అక్షరాలు తీసేశారు. 366ను మూడుతో భాగిస్తే 122. కాబట్టి చదివే వరస తప్పలేదు, ప్రొటీన్ నుంచి 122 అమైనో ఆమ్లాల ముక్క, 184 నుంచి 305 దాకా, పోయింది. ఇలా మొక్క సొంత జన్యువులోనే మార్పు చేసి, కోసిన కత్తెరను తర్వాతి తరాల్లో వేరుచేసి తీసేస్తారు. పరాయి జన్యువు మిగలదు. అందుకే 2022 మార్చి 30 నాటి కేంద్ర ఉత్తర్వు ఈ కోవను జన్యుమార్పిడి పంటల నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయించింది.

మీరు రేపు ఇలాంటి పని చేపడితే ఒక హెచ్చరిక. ప్రతి వేలినీ కోసేయవచ్చనుకోకండి. అరబిడాప్సిస్‌లో జాట్10 అనే ప్రొటీన్‌ను పెంచినా ఒత్తిడిని తట్టుకునే గుణం పెరిగింది, తీసేసినా పెరిగింది. ఎల్లవేళలా పెంచిన మొక్కలు మాత్రం గిడసబారాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. గిడస మొక్క నీరు తక్కువ తాగుతుంది, దాని కుండీ ఆలస్యంగా ఎండుతుంది, పది రోజుల తర్వాత అది పచ్చగా కనిపిస్తుంది. అది తట్టుకోవడం కాదు, ఇంకా దాహం వేయకపోవడం. రెండు రకాలనూ ఒకే కుండీలో పక్కపక్కన నాటండి, లేదా రోజూ కుండీని తూచి రెండింటిలో తేమ సమానంగా ఉంచండి. పెంచాలనుకుంటే ఒత్తిడి వచ్చినప్పుడే మేలుకునే ప్రమోటర్ (జన్యువును నడిపే మీట) వాడండి.

ప్రశ్న: మాది సముద్రపు ఉప్పు తగిలే పొలం. ఈ కొత్త పూసా డీఎస్‌టీ రైస్ 1 వేస్తే గట్టెక్కుతామా?
(ఒక రైతు, బందరు)

జవాబు: ఉప్పు, క్షార నేలల్లో ఎంటీయూ 1010 కన్నా 9.66 నుంచి 30.4 శాతం దాకా ఎక్కువ దిగుబడి అని అధికారిక ప్రకటన. ఆ పరీక్షల లెక్కల మీద అభ్యంతరాలు చెప్పినవారూ ఉన్నారు. ఏదైనా, ఆ శాతాలు చౌడులో ఎంటీయూ 1010 ఇచ్చే కొద్ది దిగుబడి మీద వేసినవి. ఎకరాకు పది బస్తాలొచ్చే చేలో 30 శాతం అంటే మూడు బస్తాలు. విత్తనం బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలు దాటి రావాలి. ట్యాగు లేకుండా ఆ పేరుతో ఎవరు అమ్మినా కొనకండి.

ఈలోగా మీది ఏ చౌడో తేల్చుకోండి. పాల చౌడులో ఈసీ, అంటే మట్టిలో ఉప్పు కొలత, 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటుంది. మంచినీరు పెట్టి, కలియదున్ని, ఆ నీరు బయటికి తీసేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. కారు చౌడులో పీహెచ్ 8.5 దాటుతుంది. దానికి నీరు చాలదు, పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, తర్వాత నీరు తీసి, జీలుగ చల్లి కలియదున్నాలి. వరి దిగుబడి ఈసీ 3 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. కానీ ఆ 3 నీటితో నిండా తడిపిన మట్టి ముద్ద నుంచి తీసిన ద్రావణంలో కొలిచిన లెక్క. కొన్ని ప్రయోగశాలలు మట్టికి రెండింతలు నీరు కలిపి కొలుస్తాయి, అప్పుడు అంకె బాగా తక్కువ కనిపిస్తుంది. ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి. వరి లేత నారుగా ఉన్నప్పుడు, మళ్లీ పూత దశలో ఉప్పుకు ఎక్కువగా లొంగుతుంది. అందుకే ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటండి, పూత సమయానికి మంచినీరు ఉండేలా చూసుకోండి. పీహెచ్ ఒక అంకె పెరిగితే జింకు కరగడం నూరోవంతుకు పడిపోతుంది. కాబట్టి కారు చౌడులో పాలకొల్లు రైతుకు చెప్పిన తుప్పు మచ్చల కోసం ముందే చూస్తూ ఉండండి.

ప్రశ్న: జింక్ ఫింగర్ న్యూక్లియేజ్ అంటే ఇదేనా?
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: చుట్టమే, కానీ ఇది మనిషి కట్టిన జన్యు కత్తెర. ఒక్కో వేలు సుమారు మూడు డీఎన్‌ఏ అక్షరాలను పడుతుంది కాబట్టి, కావలసిన వేళ్లను వరసగా కూర్చి చివర ఫోక్1 అనే కత్తెర తగిలిస్తారు. ఆ కత్తెర జంటగా ఉంటేనే కోస్తుంది. 2009లో దీంతో మొక్కజొన్నలో ఐపీకే1 జన్యువును మార్చి, గింజలో భాస్వరాన్ని దాచి ఉంచే ఫైటేట్‌ను తగ్గించారు. తర్వాత క్రిస్పర్ అనే ఇంకో జన్యు కత్తెర వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. ప్రతి కొత్త చోటుకూ ప్రొటీన్‌ను మళ్లీ కట్టడం కన్నా చిన్న గైడ్ ఆర్‌ఎన్‌ఏ మార్చడం ఎంతో సులువు.

ప్రశ్న: వరి జింక్ ఫింగర్ ప్రొటీన్‌ను ఈ-కోలై బాక్టీరియాలో తయారుచేసి డీఎన్‌ఏతో జెల్ షిఫ్ట్ (ప్రొటీన్ పట్టుకున్న డీఎన్‌ఏ జెల్‌లో వెనకబడటం చూసే పరీక్ష) చేస్తున్నాను. సగం ప్రొటీన్ ముద్దకట్టి అడుగున పడుతోంది. మిగిలినదానికి బ్యాండు కదలడం లేదు. ఎక్కడ తప్పు?
(పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మీరు ఉత్తరంతో పంపిన బఫర్ల జాబితా చూస్తే ఈడీటీఏ మూడు చోట్ల ఉంది: లైసిస్ బఫర్‌లో, ప్రొటియేజ్ బిళ్లలో, టీబీఈలో. ఈడీటీఏ జింకును లాగేసుకుంటుంది. వేలు విప్పుకుపోయాక డీఎన్‌ఏను పట్టేది ఏముంది?

ఇలా మార్చి చూడండి. కల్చర్ ఓడీ 0.6కు రాగానే 18 డిగ్రీలకు చల్లార్చి, ఐపీటీజీ 0.1 లేదా 0.2 మిల్లీమోలార్, దానితోపాటే జింక్ సల్ఫేట్ 50 నుంచి 100 మైక్రోమోలార్ వేసి రాత్రంతా ఉంచండి. 37 డిగ్రీల్లో ప్రొటీన్ ఎక్కువే వస్తుంది, కానీ జింకు అంది మడత పడేలోపే ముద్దకడుతుంది. హిస్ ట్యాగు ఒక్కటే వద్దు, ఎంబీపీ అనే తేలిగ్గా కరిగే ప్రొటీన్ తగిలించండి, కరుగుతుంది. పీబీఎస్ వాడకండి. పొలంలో డీఏపీ చేసిన పనే ఇక్కడ ఫాస్ఫేట్ చేస్తుంది. ట్రిస్ పీహెచ్ 7.5, సోడియం క్లోరైడ్ 500 మిల్లీమోలార్, గ్లిజరాల్ 10 శాతం పెట్టండి. ఉప్పు అంత ఎక్కువ ఎందుకంటే మీ ప్రొటీన్ బాక్టీరియా డీఎన్‌ఏనే పట్టుకుని కూర్చుంటుంది, దాన్ని విడిపించాలి. సిస్టీన్లు ఆక్సీకరణ చెందకుండా డీటీటీ కావాలి, కానీ 1 మిల్లీమోలార్ దాటనివ్వకండి, అదీ జింకును పట్టుకుంటుంది. ప్రొటియేజ్ బిళ్ల ఈడీటీఏ లేనిది కొనండి.

బైండింగ్ మిశ్రమంలో పొటాషియం క్లోరైడ్ 50 మిల్లీమోలార్, మెగ్నీషియం క్లోరైడ్ 1 మిల్లీమోలార్, జింక్ క్లోరైడ్ 10 మైక్రోమోలార్, గ్లిజరాల్ 5 శాతం, మైక్రోలీటరుకు 50 నానోగ్రాముల పాలీ డీఐడీసీ. గది వేడిలో 20 నిమిషాలు. జెల్ 6 శాతం, బఫర్ ట్రిస్, బోరేట్ మాత్రమే. నమూనా ఎక్కించకముందు అరగంట నడిపించండి.

కంట్రోల్ గొట్టాల్లో ఒకదానిలో 10 మిల్లీమోలార్ ఈడీటీఏ వేసి ప్రొటీన్‌ను పది నిమిషాలు ఉంచండి. అందులో బ్యాండు మాయమైతే మీరు చూస్తున్నది జింకు వేలి పనే. మాయం కాకపోతే ఇంకేదో అంటుకుంటోంది. గుర్తింపు వరస మార్చిన, లేబుల్ వేయని పోటీ డీఎన్‌ఏ కూడా తప్పక పెట్టండి. మీ ఉత్తరం ప్రకారం మీరు వేలు ఒక్కదాన్నే క్లోన్ చేశారు. రెండు వేళ్ల ప్రొటీన్ అయితే నడుమ ఎడంతో సహా క్లోన్ చేయండి, ఎడం లేకపోతే పట్టు సడలుతుంది.

ప్రశ్న: మా చేను గట్టున పంచాయతీ వీధి దీపం పెట్టారు. దాని కింద ఐదారు సెంట్ల వరి పచ్చగానే ఉంది కానీ ఈనలేదు. మిగతా చేనంతా ఈనింది. తెగులా?
(ఒక రైతు, కోనసీమ)

జవాబు: తెగులు కాదు, మందు కొట్టకండి. సార్వాలో వేసే పొడవాటి కాలపు రకాలు రాత్రి పొడవు పెరగడం చూసి పొట్టకొస్తాయి. వరిలో హెచ్‌డీ1 అనే ప్రొటీన్‌కు బీ-బాక్స్ అనే జింకు వేలు ఉంటుంది. పగలు పొట్టిగా ఉంటే అది పూతను తోస్తుంది, పగలు పొడవైతే ఆపుతుంది. రాత్రి నడుమ వెలుగు పడితే ఆకులోని ఫైటోక్రోమ్ బీ దాన్ని గుర్తించి, పూత కబురు మోసే హెచ్‌డీ3ఏ జన్యువును అణిచేస్తుంది. మీ దీపం కింది మొక్కకు ఇంకా ఆషాఢమే నడుస్తోంది.

దీపానికి చేను వైపు రేకు మూత వేయమని పంచాయతీని అడగండి, వెలుగు రోడ్డు మీదే పడుతుంది. ఇప్పుడు మూసినా ఆ మొక్కలు వెంటనే ఈనవు. వెన్ను ఏర్పడి బయటికి రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మిగతా చేనుతో కలిపి కోస్తే పచ్చి గింజ కలిసి తేమ పెరుగుతుంది, ధాన్యం ధర తగ్గిస్తారు. ఆ ఐదు సెంట్లు విడిగా ఉంచి తర్వాత కోయండి. వచ్చే ఏడు దీపం అలాగే ఉంటే, ఆ మూల వరకు సార్వాకూ దాళ్వాకూ పనికొచ్చే తక్కువ కాలపు రకం నాటుకోండి.